గుగ్గిళ్ళ లెక్క

హవల్లీ, జూలై, శుక్రవారం మధ్యాహ్నం.
బయట నలభై తొమ్మిది డిగ్రీలు.
షంసుద్దీన్ కొట్టులో గాజు బల్ల మీద
మూడు పాత ల్యాప్‌టాప్‌లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.
నా జేబులో నూట పది దీనార్లు,
మూడు నెలల ఓవర్‌టైం.

"ఇది తీసుకో భాయ్, పద్నాలుగు కోర్లు. రాకెట్టు."
గుర్రం దౌడు సరే,
గుగ్గిళ్ళ సంగతేంది?
నేను ఏసీ మెకానిక్కుని షంసూ,
ఎన్ని వాట్లు తింటుందో చెప్పు,
తిన్న వేడిని ఎటు కక్కుతుందో చెప్పు.

తాళాలగుత్తి నుంచి పెన్‌డ్రైవు తీశాను.
అందులో లినక్స్ ఉంది.
షర్క్ టవర్ నేలమాళిగలో
చిల్లర్లను నడిపే పెట్టె ముందు
రోడెల్ కూర్చుంటాడు.
నల్ల తెర, తెల్ల అక్షరాలు.
ఒక వాక్యం కొడితే
ముప్పయ్యో అంతస్తులో చల్లగాలి కదులుతుంది.
నేనైతే అదే గాలి కోసం
నిచ్చెన మోసుకుని ముప్పై అంతస్తులు తిరగాలి.
వాడే ఇచ్చాడు ఈ పెన్‌డ్రైవు,
నేర్చుకో పెంచలయ్యా, అని.

రాకెట్టు లేచింది, నిజమే, తుమ్మేలోపు లేచింది.
వైఫై మాత్రం లేదు.
చిప్పు మరీ కొత్తది, నా కెర్నల్‌కు ఇంకా ముఖపరిచయం కాలేదు.
అకామా పడని కొత్త మనిషిలా
లోపలే ఉండి, ఎక్కడా లెక్కలోకి రాదు.
కోర్లన్నింటికీ పని పెట్టి
అంచు దగ్గర అరచెయ్యి ఆనించాను.
రెండు నిమిషాలకే ఫ్యాను ఏడుపు అందుకుంది.
కంప్రెసర్ ఎప్పుడు పోతుందో చెప్పే చెయ్యి ఇది,
వద్దంది.

రెండోదానికి ఫ్యానే లేదు.
పలుచన, తమలపాకంత.
ఫోన్ల వంశపు చిప్పంట,
ఒక్కసారి ఛార్జి పెడితే తెల్లారిందాకా వస్తుందంట.
పెన్‌డ్రైవు గుచ్చాను. ఉలకలేదు, పలకలేదు.
"దీని భాష వేరే భాయ్."
నాకు ఇప్పటికే నాలుగు భాషలు, అన్నీ అరకొరే.

మూడోది ఏదో ఆఫీసు వదిలించుకున్నది.
ఐదేళ్ళ వయసు, నాలుగు కోర్లు, పదిహేను వాట్లు.
కీల మీద అరబ్బీ అక్షరాలు సగం అరిగాయి,
ఎవరో బాగా కోపంగా కొట్టినట్టు ఎంటరు పగిలింది.
వైఫై పలికింది. స్పీకరు పలికింది.
కెమెరాలో నా ముఖం కూడా వచ్చింది, అడక్కుండానే.
మూత మూశాను.
నూరు దాకా లెక్కపెట్టాను.
తెరిస్తే
కర్సరు నేను వదిలిన చోటే కొట్టుకుంటోంది.
నిద్రపోవడం తెలిసిన యంత్రం!
మా గదిలో మనుషులకే అది సరిగ్గా తెలియదు.

"అందరూ పెద్ద నంబరు అడుగుతారు,
నువ్వేందయ్యా చెయ్యి పెట్టి నాడి చూస్తావు?"
అరవై రెండుకు బేరం తెగింది.

అబద్ధమెందుకు,
జలీబ్ బస్సులో కొంచెం మనసు పీకింది.
పద్నాలుగు కోర్లు.
ఎన్నడైనా వాటన్నిటికీ పని చెప్పేవాణ్ణేమో.
ఒళ్ళో సంచి బరువు చూసుకున్నాను,
బ్యాటరీ రెండు గంటలే వస్తుందని
షంసు డబ్బు లెక్కపెట్టాకే చెప్పాడు,
దొంగ.

రాత్రి పదకొండు. పైమంచం.
కింద మస్తాన్‌వలీ, రొట్టెల వ్యాను తోలేవాడు,
రెండింటికి లేవాలి.
అవతల చెంగల్రాయుడు,
దగ్గితే కూడా తిడతాడు.
ప్యాకేజీలు దిగుతున్నాయి, నలభై రెండు శాతం.
వేళ్ళు ల్యాప్‌టాప్ అడుగున పెట్టి చూశాను,
గోరువెచ్చన.
ఫ్యాను తిరుగుతోందో లేదో
చెవి ఆనిస్తే తప్ప తెలియదు.

గోడ మీద ఏసీ మాత్రం
మళ్ళీ గడగడమంటోంది.
"ఒరే పెంచలయ్యా, దాని సంగతి చూడరా,"
చీకట్లోంచి చెంగల్రాయుడు.
చూస్తానన్నా,
నలభై మూడు కానీ.