అర్థం రాయని చీటీ

గుణుపురంలో పొద్దుటి నుంచీ ముసురు.
కిరసనాయిలు కంపు కొట్టే ట్రంకుపెట్టెలోంచి
సన్యాసి పాత్రుడు మాస్టారి కాగితాలు తీస్తున్నాను.
రేషను రసీదుల వెనక సవర మాటలు,
పురుగు తిన్నచోట గుడి దీర్ఘాలు లేవు.

వీణలాంటి బొమ్మ స్టాంపుతో ఐర్లండు ఉత్తరం:
"మా పడమటి తీరంలోనూ ఇంతే.
ఒక ముసలమ్మతో పదకొండు వాన పేర్లు పోయాయి.
మీరు ముందు వానల్ని అడగండి."

అడిగాడు కాబోలు,
చెప్పులు చేతపట్టుకుని వంశధార దాటి.
ఏడు చీటీలు.
ఏడోదాని మీద మాట ఉంది. పక్కన,
"అర్థం? రేపు లక్కియాని అడగాలి."
ఆ రేపు ఏ చీటీలోనూ దొరకలేదు.

చింతపండు అమ్మొచ్చిన లక్కియా మనవరాలికి
కూడబలుక్కుని చదివి వినిపించాను.
పక్కున నవ్వింది,
నోటికి కొంగు అడ్డుపెట్టుకుని
గుమ్మంలోంచి చెయ్యి చాపి తడుపుకుంది.

చీటీ మీద
ఇవాళ్టి తేదీ మాత్రం వేశాను.