బిల్ వాళ్ళమ్మ ఇంటి మీద

మొదటిరోజు గేటు దగ్గర సెక్యూరిటీ అతను
నన్ను డక్ అన్నాడు. అంటే బాతు.
నా నడక చూసే అన్నాడనుకుని
ఆ వారమంతా కాళ్ళు దగ్గర పెట్టుకుని నడిచాను.
తర్వాత తెలిసింది, స్టోక్‌లో అందరూ బాతులే:
బస్సు డ్రైవరూ, బ్యాంకు మేనేజరూ,
ఆరడుగుల పోలీసూ.
చిల్లర తిరిగిస్తూ చేపల కొట్టాయన
"ఇదిగో బాతూ" అంటాడు, ప్రేమగానే.

సుభాషిణి అని పేరు పెట్టినవాళ్ళకి
పింగాణీ కప్పులకి చెవులు అతికించే ఈ షెడ్డులో
నేను ఏడు నెలలు మూగదాన్నవుతానని తెలీదు.
ఇంగ్లీషు రాక కాదు.
ఎమ్మే ఇంగ్లీషు, ఫస్టు క్లాసు, వాల్తేరు.
నేను నేర్చుకున్నది ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూచునేది,
ఇక్కడిది బనీనుతో ఇల్లంతా తిరుగుతుంది.

పక్క బెంచీ మోరీన్.
ఇంటిపేరు కోల్‌క్లఫ్ అని రాసి కోక్లీ అని పలుకుతుంది.
పేరే అంత మోసం చేసే ఊళ్ళో
మాటల్ని ఏం నమ్మను?
టీకి రమ్మంది. అన్నం తిని వెళ్ళాను.
వాళ్ళ టీ అంటే మాంసం, బంగాళదుంపలు, బఠాణీలు,
పళ్ళెం అంచు దాకా.
మింగలేక కూచుంటే
"తిండి సరిగ్గా లేదు నీకు" అని ఇంకో గరిటె వేసింది.

ఓ మధ్యాహ్నం కిటికీలోంచి చూసి
"బిల్ వాళ్ళమ్మ ఇంటి మీద నల్లగా ఉంది" అంది.
బిల్లు కట్టక కరెంటు తీసేశారేమో అనుకున్నాను.
ఎవరీ బిల్? పాలిషింగులో పనిచేస్తాడా?
వాళ్ళమ్మకి ఏమైనా అయిందా?
పది నిమిషాల్లో వాన దంచేసింది.
నోటుబుక్కులో రాసుకున్నాను: మబ్బు పట్టింది అని అర్థం.
దాని కింద: బిల్ ఎవరో కనుక్కోవాలి.

ఎవరికీ తెలీదు.
ఇల్లెటువైపని అడిగితే మోరీన్ బిడల్ఫ్ వైపు చెయ్యి చూపింది,
ఫోర్‌మన్ లాంగ్టన్ వైపు.
బట్టీ దగ్గర ముసలి క్లైవ్ చాలాసేపు ఆలోచించి
"నువ్వెక్కడ నిలబడ్డావన్నదాన్ని బట్టి" అన్నాడు.

ఫిబ్రవరిలో, టీ బ్రేకులో, ఎవరో అన్నారు:
మోరీన్ వాళ్ళ కెన్ చెక్కచెప్పులు పాప్ చేశాడట.
చెప్పుల కొట్టు పెట్టాడు కాబోలనుకున్నాను.
"లవ్లీ! కంగ్రాచ్యులేషన్స్ చెప్పాలి" అన్నాను,
గది మొత్తానికి వినబడేలా.
ఎవరి బిస్కెట్టో టీలో విరిగిపడింది.
ఆ చప్పుడు కూడా వినిపించింది.

ఎమ్మే ఇంగ్లీషు. ఫస్టు క్లాసు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మనమూ బాల్చీ తన్నేశాడంటాం.
చిన్నప్పుడు మా వీధి సోడాల పీరయ్య బాల్చీ తన్నేశాడంటే
నీళ్ళెక్కడ ఒలికాయా అని నూతి దాకా వెళ్ళి చూశాను.
గుటుక్కుమన్నాడంటాం, టిక్కెట్టు తీశాడంటాం.
చావు అనడానికి ఏ భాషకీ నోరు రాదు కాబోలు,
ఇంట్లో చేతికందిన సామానేదో తీసి
అడ్డం పెట్టుకుంటుంది.

పదోరోజుకి పనిలోకొచ్చింది మోరీన్.
క్షమాపణ వాక్యం కామాలతో సహా సిద్ధం చేసుకున్నాను.
తీరా చూస్తే గొంతులో లేదు.
పచ్చి కప్పు చెవి చేతిలో వంకరపోయింది.
తనే అంది:
"కెన్ వినుంటే పడీపడీ నవ్వేవాడు బాతూ,
ఒక్క జత చెప్పులైనా అమ్మగలిగే మొహమా వాడిది?"
నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో దారి తప్పింది.

ఇంకెటు చూడాలో తెలీక కిటికీ వైపు చూశాను.
"బిల్ వాళ్ళమ్మ ఇంటి మీద నల్లగా ఉంది" అన్నాను.
పైకి అనడం అదే మొదటిసారి.
వాల్తేరు యాసతోనే.

మోరీన్ కళ్ళు తుడుచుకుని అటు చూసింది.
బయట నీరెండ.
పార్కింగులో కార్ల అద్దాలన్నీ మెరుస్తున్నాయి.

"అవును బాతూ," అంది,
"నల్లగానే ఉంది."