రీడింగ్

పదకొండేండ్ల సంది ఈ ఇంటికొస్తున్న
రెండు నెలలకొకసారి.
మెట్ల కిందికి వంగి,
మూత మీది బూజు తుడిచి,
ఐదంకెలు రాసుకొని పోతున్న.
మ్యూజియం అని బోర్డు మీద చదివిన గని
నాకిది కార్వాన్ సెక్షన్ల, నాలుగో సందుల,
బాకీ లేని కనెక్షన్.

ఇయ్యాల వాన పట్టుకున్నది.
బండి సీటుకు కవరు తొడిగి అరుగెక్కిన.
కావలి మొగులప్ప స్టూలు జరిపి అన్నడు:
"ఎప్పుడూ కిందనే చూసి పోతవు సారూ,
ఒక్కపారి పైకెక్కరాదూ?
టికెట్ పది రూపాలు. నీకొద్దులే."

పైన రెండు అర్రలు.
ఒకదాంట్ల పాత సామాన్లు, ఒకదాంట్ల బొమ్మలు.
హాలీ సిక్కాలు, ఒక పళ్లెం లేని తరాజు,
టాంగా నడిపినోని ఇత్తడి బిళ్ల, నంబరు 318,
తాళంచెవి లేని తాళం,
తాళం లేని తాళంచెవి.
ఆ రెండూ ఒకదానికొకటి కావని
కాగితం మీద రాసి మరీ పెట్టిన్రు.

కిటికీ పక్కన అద్దాల పెట్టెల
ఒక మేకతోలు.
మెడ దగ్గర తాడు, కాళ్లుండే చోట ముడులు,
ఎండి, ముడుచుకొని,
జరమొచ్చి పండుకున్న పిల్లలెక్క.
"మష్క్. భిస్తీలు నీళ్లు మోసిన తోలుతిత్తి.
ఇచ్చినవారు: తెలియదు."

అద్దానికి నొసలు ఆనించి చూసిన.
ఎన్ని బిందెలు పట్టేదో రాయలే.
పొద్దుగాల ఏ సందు ముందు, ఏ సందు వెనుక,
ఎవలు పైసలియ్యకుంట తలుపేసుకున్నరో,
ఏ అవ్వ ఇంకో ముంత పొయ్యి బిడ్డా అన్నదో
రాయలే.
రాయకున్నా నాకెరుకే.
ఏ భుజం కిందికి గుంజుతదో గూడ ఎరుకే,
నా అంగీ ఆడనే చినుగుతది.

పక్క అర్రల బొమ్మలు తొమ్మిది.
ఖుద్సియా టీచరమ్మ వేసినయట.
ఈ సందులనే సదువు చెప్పి
ఈ సందులనే కన్నుమూసిందట.
అన్నిట్ల మూసీనే. అన్నీ నీలమే.
"మూసీ ఎన్నడన్న గిట్లుండెనా?" అని నవ్విన.
మొగులప్ప నవ్వలే.
"ఆఖరికి ఆమెకాడ ఆ ఒక్క ట్యూబే మిగిలింది సారూ.
ఎర్రదీ పచ్చదీ బడిపోరలు పట్టుకపోయిన్రు."

మళ్ల పోయి చూసిన.
తొమ్మిదో బొమ్మల
నీలం సన్నబడి, సన్నబడి,
నది సగంలనే ఆగింది.
ఒడ్డున్నది, బట్టలుతికే బండ ఉన్నది.
నీళ్లుండే చోట వట్టి కాగితం.
ఎండకాలం కాలి చప్పుడు చేసే నల్లా
చెవుల వినబడ్డది.

వాన తగ్గింది.
దారంతోని కట్టిన పెన్నూ, బుక్కూ
ముందుకు నెట్టిండు మొగులప్ప.
పేరు రాసిన. మొహల్లా రాసిన.
అభిప్రాయం కాడ చెయ్యి ఆగింది.
ఏం రాయాలె?
ఆలోచన తెగకముందే, అలవాటు చొప్పున
చెయ్యే రాసింది:
04417.

మొగులప్ప కండ్లద్దాలు సవరించుకొని
చానసేపు చూసిండు.
"పోయినసారి కంటె
ఎక్కువనా సారూ, తక్కువనా?"