గడ్డిచాపకు పతకం

యగొరో పీపా చెక్కకి చెవి ఆనించి వినేవాడు.
లోపల సాకే మాట్లాడుతుందట.
"ఇంకా పసిది, గునుస్తోంది" అనేవాడు ఒకరోజు.
కొన్నాళ్ళాగి, "నిద్రపోయింది. ఇక ఎత్తండి."

నోటో తీరాన మంచు మోకాలు దాటిన నెలలో
ఆరు పీపాలు ఎత్తాం, పారిస్ ప్రదర్శనకి.
నేను గుమాస్తాని. సముద్రం పడదు మొర్రో అన్నా
కిషినామి దొర నన్నే పంపాడు,
ఫ్రెంచిలో అంకెలు వచ్చని.
పదిదాకా వచ్చు.

పీపాలకి గడ్డిచాపలు చుట్టింది ఒతోసె.
"సాకేకి చలేస్తుందా అవ్వా?" అన్నాను.
"దారికి వేస్తుంది" అంది,
ముడిని పంటితో బిగిస్తూ.

హాంకాంగ్ దాటాక ఓడ అడుగంతా కొలిమి.
సింగపూరులో చెక్కకి చెమట పట్టింది.
కొలంబోలో యగొరోలాగే చెవి ఆనించాను.
ఏదో గొణిగింది.
నాకు ఆ భాష రాదు.
ఏడెన్‌లో వాసనే చెప్పేసింది.

గాజు కప్పు కింద, ఆవిరి యంత్రాల హోరులో
మీసాలకి మైనం రాసుకున్న ముగ్గురు వచ్చారు.
గ్లాసులో పోశాను,
కుడితిలా తెల్లగా జారింది.
ఒకాయన వాసన చూసి, ఎంతో మర్యాదగా,
"వినిగరా?" అన్నాడు.
ఆ మాట తెలీదు, తలూపడం తెలుసు.
ఊపాను.
రెండో ఆయన అప్పటికే వంగి
ఒతోసె ముడిని గోటితో విప్పబోతున్నాడు.
రాలేదు.
మూడో ఆయన చాకు ఇవ్వబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు.

కంచు పతకం. అల్లిక విభాగం.

దొర ఆ పతకం బొమ్మని సీసాలమీద అచ్చు వేయించాడు.
దేనికొచ్చిందో వేయించలేదు.
ఒతోసె దాన్ని అరచేతిలో తూచి,
"మరి నా చాపలేవీ?" అంది.
వాళ్ళు ఉంచేసుకున్నారు అవ్వా,
గోడకి వేలాడదీస్తారట.
"గోడకా!" అంది. ఆరోజంతా ఇంకేం అనలేదు.

చిట్టాలో ఖర్చు కింద రాశాను: చాపలు, ఆరు.
పతకం ఎటు రాయాలో తోచలేదు.

ఆ రాత్రి యగొరో దీపం పట్టుకుని వచ్చాడు.
కూర్చోలేదు.
"ఎక్కడ మేలుకుంది?"
"కొలంబోలో."
ఎన్నడూ వినని పేరు.
"కొలంబో... కొలంబో" అని రెండుసార్లు అనుకున్నాడు,
కూతుర్నిచ్చిన ఊరి పేరులా,
దీపం తగ్గించి వెళ్ళిపోయాడు.