అతుకు

ఎండకాలం. పంకా తిరుగుతున్నది.
పంజరం తలుపు తీసిన చెయ్యి నాదే.
రోజూ తీసేదే.
రోజూ అది నా భుజం మీదికెక్కి
మగ్గం దాక సవారి చేసేదే.
ఆ పొద్దు పంకా బంద్ చెయ్యడం మర్సిన.

సప్పుడు చిన్నదే.
నాడె జారి గుంటల పడ్డంత.

దాని పేరు పేటంచు.
మెడ సుట్టు గులాబి గీత సూసి
మా శివలీల పెట్టిన పేరు.
"నాయినా, దీనికి పుట్టుకతోనే అంచు నేసిన్రు" అన్నది.

ఎడమ రెక్క కిందికి వేలాడుతున్నది.
తువ్వాలల సుట్టుకొని
నారాయణపేట పశువుల దవాఖానకు పోయిన.
బర్రెలు, మేకలు, ఒక కుంటి కోడె.
వాటి నడుమ వరసల నేను,
గుప్పెడంత మూటతోని.

ఖలీల్ సాబ్ రెక్కను ఒంటికి ఆనించి
మెత్తటి పట్టీ సుట్టిండు.
"రొమ్ము మీద బిగించొద్దు, ఊపిరికి జాగుండాలె."
ఇంకేం చెయ్యాలె సార్ అన్న.
"ఏం చెయ్యకు" అన్నడు,
సూది కడుక్కుంట.
"అట్టపెట్టెల పెట్టు. సగం చీకటి, కొంచెం వెచ్చన.
నీళ్లు, గింజలు ముక్కుకు అందేటట్టు.
కొయ్య తీసెయ్యి, ఎక్కబోయి పడ్తది.
సూడొచ్చినోళ్లను గడప అవతల్నే ఆపు.
నువ్వు గూడ మాటిమాటికి తొంగి సూడకు.
ఎముక పని ఎముకకు తెలుసు."

ముప్పై ఏండ్లయె,
తెగిన పోగు సూస్తే ఆగని చేతులు నావి.
వేలి కొసకు బూడిదద్ది, రెండు కొసలు కలిపి
ఒక్క మెలి. అయిపాయె.
నిద్రల గూడ దుప్పటి కొసలు అతుకుతనని
అంబమ్మ నవ్వుతది.
ఆ చేతుల్ని తొడల కింద పెట్టుకొని
పెట్టె ముందర కూసున్న.

బెదురుతదని మగ్గం ఆపినం.
శివలీల పాఠాలు పెదవుల్లోనే సదివింది.
అంబమ్మ జొన్నరొట్టెలు
పక్కింట్ల తట్టుకొచ్చింది.
ఐసు బండి పిలగానికి
మా గల్లీల గంట కొట్టకుమని చెప్పొచ్చిన.

రెండు దినాలు.
జామముక్క నల్లబడ్డది.
నానిన శనిగెలకు మొలక లేసింది.
ఈకలు ఉబ్బించుకొని, మూలకు ముడుసుకొని,
తెరిసిన కంటితోనే
మాయమైనట్టు ఉన్నది.

సాబుకు ఫోన్ చేసిన.
"ఇంట్ల ఏమన్న మారిందా?"
ఏం మారలే సార్, ఒక్క సప్పుడు గూడ లేదు,
అన్న.
అన్నంక నా మాట నాకే ఇనబడ్డది.

గూట్లకెంచి పడ్డప్పుడు దానికి ఈకలు రాలే.
కండెల గంపల పెరిగింది.
మనుషుల మాట కన్న ముందు
నాడె మాట నేర్సింది.
టక్... టకా. టక్... టకా.
మా గల్లీల మగ్గం ఆగిందంటే
ఎవరో పోయినట్టే.
ఆ సంగతి దానికీ తెలుసేమో.
రెండు దినాల సంది చీకట్ల కూసోని
మాలో ఎవరు పోయిన్రో
లెక్క పెట్టుకుంటున్నదేమో.

గుంటల కాళ్లు పెట్టిన.
పలక గట్టిగ కొట్టకుంట, ఊపిరంత మెల్లగ
ఒక పేక.
ఆగిన.
ఇంకో పేక.
పదో పేకకు అట్ట మీద గీరుడు.
ఇరవై దాటినంక
శనిగె పొట్టు పగిలిన సప్పుడు.
అంబమ్మ గడపల నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.
నేను మళ్లి సూడలే.
సూడొద్దన్నడు గద.

మూడు వారాలకు పట్టీ ఇప్పిండ్రు.
రెక్క ఇంకా జరంత వాలే ఉన్నది.
దూలం దాక ఎగురుతది,
దిగెటందుకు నా భుజం అడుగుతది.
పంకా రెక్కలు ఊడదీసి అటక మీద పడేసిన.
రాత్రి మిద్దె మీద పండుకుంటున్నం,
దోమలతోని.

ఆ చీర దించి సేటుకు ఇచ్చినప్పుడు
మడత ఇప్పి, వెలుగుకు పట్టి
ఒక జాన మేర వేలితోని రాసిండు.
"ఈడ నేత పలుచగున్నది.
చెయ్యి వణికిందా?"
నూరు రూపాయలు కోసిండు.
కోసుకో అన్న.