బోలు శబ్దం

సున్నా నుంచి పది దాకా
నొప్పి ఎంతుందని అడుగుతాను.
పన్నెండో బెడ్డు ఓదెలు ప్రతిసారీ
"రెండు" అంటాడు,
పెండ్లి బంతిలో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి
ఇగ చాలన్నట్టు.

షీట్లో రెండు రాస్తాను.
డ్యూటీ డాక్టరు రెండు చూసి వెళ్ళిపోతాడు.
రాత్రి ఒంటిగంటకు
మంచం ఇనుప రాడ్డు పట్టుకున్న ఆ వేళ్ళు మాత్రం
రెండు అనవు.

భూపాలపల్లి బాయిలో ముప్పై ఒక్కేండ్లు.
ఇప్పుడు నడుములో ఆరు స్క్రూలు.
వార్డంతా పడుకున్నాక కండ్లు తెరుచుకొని ఉంటాడు.
"నైట్ షిఫ్టు అలవాటు, సిస్టరమ్మా."
రిటైరై ఆరేండ్లాయె కదా అని
కింద చాప మీంచి కనకలచ్చి.

మూడో రాత్రి, ఫ్లాస్కులో చాయ్ అయిపోయాక
బాయిల భయం కాలేదా అనడిగాను.
"కప్పును కట్టెతోని కొట్టి చూస్తం.
టంగుమంటే గట్టిది.
డబ్బుమంటే బోలు.
లోపల పగిలి ఉంటది, పైకి నున్నగనే కనబడ్తది.
అట్ల మోగిందంటే
ముచ్చట్లు బంద్, ఉరుకుడే."

షీటు తెరిచాను.
పదకొండు సార్లు రెండు, నా చేతిరాతలోనే.
గోరుతో ఒక్కోదాన్నీ కొట్టి చూశాను.

ఈసారి అంకె అడగలేదు.
పక్కకు ఒత్తిగిలొస్తుందా?
దగ్గొస్తే ఆపుకుంటున్నవా?
నిన్నటి ఇడ్లీ ఎందుకు వదిలేసినవు?
చాలాసేపు ఫ్యాను దిక్కు చూశాడు.
"ఎక్కువ చెప్తే సూదేస్తరు.
సూదికి అలవాటైతే ఇగ నేను మనిషిని కాను.
మా తమ్ముడు సారకు పోయినట్టే పోత."

కనకలచ్చి లేచి కూర్చుంది.
ఆమెకూ అప్పుడే తెలిసింది.

నేను పెద్దగా చెప్పిందేం లేదు.
లెక్క ప్రకారం ఇస్తాం, లెక్క ప్రకారం తగ్గిస్తాం,
కప్పు కూలినంక టింబరు పెడ్తరా ఎవరన్నా, అన్నాను.
నవ్వొచ్చింది అతనికి. నవ్వితే నడుం పట్టింది.
"ఏడు" అన్నాడు
పళ్ళ సందుల్లోంచి.

డాక్టరుకు ఫోన్ చేశాను.
ముందు కసిరాడు, తర్వాత రాశాడు.
మోకాళ్ళ కింద దుప్పటి మడిచి పెట్టాను.
పదమూడో బెడ్డు పిలగాని ఫోను మూయించాను.
ఓదెలు నెత్తి మీది ట్యూబులైటుకు స్విచ్చు పోయి ఏడాది.
స్టూలెక్కి ట్యూబును పావు వంతు తిప్పితే
ఆరింది.

నాలుగింటికి బీపీ చూడాలి. రూలు.
మిషను పట్టుకొని నిలబడ్డాను.
గురక,
బొగ్గు టబ్బులు పట్టాల మీద పోతున్నట్టు.
కనకలచ్చి నాకు
పెదాల మీద వేలు పెట్టి చూపించింది.

ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి పద్నాలుగు.
మెల్లగా వేలికి క్లిప్పు పెట్టి తీశాను.
బీపీ గడిలో
"నిద్రలో ఉన్నాడు, లేపలేదు" అని రాసి
సంతకం పెట్టాను.
పొద్దున మేట్రన్ అడుగుతుంది.
అడగనీ.

హన్మకొండ చౌరస్తాలో బస్సెక్కాక యాదికొచ్చింది
ట్యూబు మళ్ళీ తిప్పి పెట్టలేదని.

దిగలేదు.