దీపం వంక చూడాలి

వంటింటి దీపాన్ని పొడుగు తీగకు వేలాడదీశాను,
మంచం మీంచి కనబడేలా.
వెలుగు కోసం కాదు.

వల్పరాయిసోలో అందరం అంతే.
కాళ్ళ కింద నేల కదిలినట్టనిపిస్తే
ముందు దీపం వంక చూస్తాం.
ఊగితే భూకంపం, తలుపు తీసి నిలబడాలి.
ఊగకపోతే నేనే.

ఈ చలికాలమంతా దీపం ఊగలేదు.

పక్కకు ఒత్తిగిలితే చాలు
గోడ మీది క్యాలెండరు రంగులరాట్నం ఎక్కేది,
కిటికీలో ఓడరేవు క్రేన్లు
ఒకదాన్నొకటి తరుముకునేవి.
దుప్పటి అంచు పిడికిట పట్టి లెక్కపెట్టేదాన్ని.
ముప్పై దాకా వచ్చేసరికి
లోకం సిగ్గుపడి ఆగేది.

పక్కింటి ఎర్మిందా "రక్తం తక్కువ" అని
గుర్రపు మాంసం వండి తెచ్చింది.
"పొద్దున్నే ఏమీ తినవు, అదే" అన్నాడు రొట్టెల ఒసోరియో,
మాట్లాడుతూనే రెండు రొట్టెలు ఎక్కువ అంటగట్టాడు.
మా తమ్ముడు బీపీ మాత్రల్ని అనుమానించాడు,
తనవి కాదు, నావి.
ఒకరికి నీళ్ళు తాగకపోవడం, ఒకరికి బెంగ,
ఒకరికి గబుక్కున లేవడం.
ఎవరిదీ అబద్ధం కాదు.
ఎవరికి వచ్చిన తలతిరుగుడు వాళ్ళు
నాకు అప్పిచ్చారు, అంతే.

ఇరవై మూడేళ్ళప్పుడూ ఇదే మాట.
కొండలిఫ్టు మీట మగవాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో
నేను వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంటే
"ఎదువీనాకు తల తిరిగింది" అంది కొండంతా.
తిరగలేదు.
ముప్పై నాలుగేళ్ళు ఒక పెట్టెను పైకి లాగాను,
ఒక పెట్టెను కిందికి దించాను,
రెండూ ఎదురయ్యే చోట
ఒక్కసారీ రెప్ప వెయ్యలేదు.
ఇప్పుడు తిరిగింది. అననీ.

డాక్టరమ్మ మాతురానా మందుల చీటీ చదివింది,
పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ చూసింది,
మాట తడబడిందా, చెయ్యి మొద్దుబారిందా, చెవుల్లో హోరా
అడిగింది.
నా ప్రతి "లేదు"కీ ఒక తలుపు మూసింది.
మిగిలిన తలుపు చెవి.

"లోపల సున్నపు నలుసులుంటాయమ్మా,
పైనేదో కిందేదో చెప్పేవి.
కొన్ని ఊడి పక్క గొట్టంలోకి జారాయి."

నవ్వొచ్చింది.
పట్టా తప్పిన పెట్టె! ఈ జబ్బు నాకు తెలుసు.

నా తల రెండు చేతుల్లోకి తీసుకుని
కుడికి తిప్పి, వెనక్కి వాల్చి,
ఆగి,
ఎడమకి తిప్పింది.
కప్పీకి నూనె పెట్టేటప్పుడు నేను తిప్పేంత నెమ్మది.
గది ఒక్కసారి ఉవ్వెత్తున లేచి
తన చోట్లో తాను కూర్చుంది.

ఇంటికొచ్చి ఒత్తిగిలి చూశాను.
క్యాలెండరు జూలై దగ్గరే ఉంది.

రాత్రి పదకొండు దాటాక
నేల మళ్ళీ కదిలింది.
దుప్పటి అంచు పట్టుకుని
దీపం వంక చూశాను.

ఊగుతోంది.

అమ్మయ్య అనుకున్నాను,
చెప్పులు వెతుక్కుంటూ.